తవుడుకి అమ్మిన పిల్ల

ఉష తన కూతురికి తల్లి కాదని ఆసుపత్రివాళ్లు ముచ్చటగా మూడోసారి తేల్చి చెప్పారు. ఈసారి చెప్పింది రికార్డుల గదిలో కూర్చునే నారాయణమూర్తి. మనిషి మంచివాడే. కసరడు, విసుక్కోడు, కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్ల సీసా కూడా ముందుకి జరుపుతాడు. ఆ మంచితనమే ఉషకి ఒళ్లంతా కారం రాసినట్టుండేది. కసిరేవాడైతే నాలుగు మాటలు దులిపేసి రావచ్చు. ఇంత మర్యాదగా కుదరదనేవాణ్ని ఏం చేస్తాం?

“మీరు చెప్పేది నేను నమ్ముతున్నానమ్మా,” అన్నాడాయన కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పుతూ. “కానీ ఇది చూడండి. పేషెంటు పేరు తవిటమ్మ, ఆరేళ్లు. తల్లి ఈశ్వరి, తండ్రి జగన్నాధం. తలలోంచి ముక్క తీయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది కూడా ఆ ఈశ్వరే. మీరు తెచ్చిన మరణ ధ్రువపత్రంలో పాప పేరు దుర్గాభవాని, తల్లి ఉష. ఈ ఇద్దరు పిల్లలూ ఒకరేనని నేనెలా రాసుకోను?”

“ఒకటే గుంటండి, ఒకటే పిల్ల. ఎన్నిసార్లు సెప్పాలి? పేరు మార్సినాం, అంతే.”

“తల్లిని కూడా మార్చారా?”

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. ఉష దగ్గర జవాబు ఉంది. ఔను, మార్చారు. చేటెడు తవుడుకి మార్చారు. కానీ ఈ చల్లటి గదిలో ఈ మనిషికి ఆ సంగతి ఎక్కణ్నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక, కాగితాల సంచి చంకన పెట్టుకుని లేచింది.

“మార్చి ఆఖరు దాకానే టైముందమ్మా,” వెనక నుంచి గుర్తుచేశాడు నారాయణమూర్తి. “ల్యాబు కొత్త బిల్డింగులోకి మారుతోంది. ఎవరూ అడగని పాత ముక్కలన్నీ తీసేస్తారు. అప్పుడు సంతకం పెట్టినావిడే వచ్చి ఇంకో సంతకం పెడితే రెండు నిమిషాల పని.”

ఆ రెండు నిమిషాల పని తప్పించుకోవడానికే ఉష నాలుగు నెలలుగా చెప్పులరిగేలా తిరుగుతోంది. విశాఖపట్నం మూడుసార్లు వచ్చింది. నోటరీ బల్ల దగ్గర రెండు పూటలు నిలబడింది. ఈశ్వరి మొహం చూసి మూడేళ్లయింది. చూడడానికి తనకి మొహం లేదు.

ఉషది చీపురుపల్లి నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఊరు. ఊళ్లో ఉన్న ఒకే ఒక పిండిమిల్లు ఆమెది. భర్త గోపి సెంట్రింగు పనికి చెన్నై వెళితే ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. అందుకని మిల్లూ, ఇల్లూ, అత్త కూర్మమ్మా అన్నీ ఉష చేతిమీద నడుస్తాయి. మోటారు చప్పుడులో అరిచి అరిచి ఆమె గొంతు పెద్దదైపోయింది. ఉష గుసగుసలాడితే పక్క వీధిలో పిల్లలు నిద్ర లేస్తారని ఊరి ఆడవాళ్లు ఎగతాళి చేస్తారు. మిల్లు దగ్గర ఆమెకి వరసంటే వరసే. బియ్యం ఆడే రోజు మిరపకాయలు ఆడదు. “ఒక్క కేజీయే కదే” అని ఎవరు గునిసినా, ఎంత చుట్టరికం కలిపినా, రేపు రమ్మంటుంది. అలాంటి మనిషి ఇంకొకరి గుమ్మంలో వరసలో నిలబడి మూడుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చిందంటే లోపల ఎంత ఉడికిపోతోందో చెప్పనక్కర్లేదు.

దుర్గాభవాని ఆమెకి ఒక్కర్తే కూతురు. ఆరేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని, “అమ్మా, రెండు ముద్దలు కనబడతన్నాయి, ఏది తినాలి?” అంది. ఆటలాడుతోందనుకుని ఉష నవ్వి, ముద్ద నోట్లో పెట్టింది. పది రోజుల్లో ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగింది. కూర్మమ్మ సంబరపడింది. “మెల్లకన్ను అదృష్టమే, మీరు కంగారు పడకండి. దీన్ని సేసుకున్నోడి ఇల్లు నిండుతాది,” అని ఊరంతా చెప్పుకొచ్చింది. ఆ అదృష్టం ఇంకో వారానికి కాలిలోకి దిగింది. పిల్ల గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

అప్పుడు కూర్మమ్మ చేసిన పని ఇటువైపు ముసలివాళ్లు అందరూ చేసేదే. గండమున్న పిల్లని తవుడుకి అమ్మేస్తారు. పిల్ల ఈ ఇంటిది కాదని తేలిపోతే వచ్చిన గండం గుమ్మంలోంచే తిరిగిపోతుందని నమ్మకం. కొనే ఇల్లాలు చేటలో తవుడు పోసి తెస్తుంది. తల్లి పిల్లని గుమ్మం దాటించి ఆమె చేతిలో పెడుతుంది. ఆ రోజు నుంచి పిల్ల తవిటమ్మ, మగపిల్లాడైతే తవిటయ్య. కన్నతల్లి పెంచుతుంది కానీ ‘నా కూతురు’ అనే మాట ఆమె నోట రాకూడదు. గండం గడిచాక కొన్నావిడకి చీర పెట్టి, పిల్లని తిరిగి చేతుల్లోకి తీసుకోవాలి. ఆ ఊళ్లోనే నలుగురు తవిటయ్యలున్నారు. నలుగురూ అరవై దాటి గుండ్రాళ్లలా తిరుగుతున్నారు. కూర్మమ్మకి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కొనడానికి పిలిచింది పక్కింటి ఈశ్వరిని. ముగ్గురు పిల్లల్ని ఒక్క నలత లేకుండా పెంచిన చెయ్యి ఆమెది. ఉష కన్నా పదేళ్లు పెద్దది. మిల్లు పని ఎక్కువైన రోజుల్లో భవానికి జడ వేసి బడికి పంపింది కూడా ఆమే. చేట పట్టుకుని గుమ్మం ముందు నిలబడి, “ఈ గుంట నాది. మీ ఇంట్లో పెంచుకోమని ఇస్తన్నాను, జాగర్త,” అంది. భవాని పకపకా నవ్వింది. దానికి ఇదంతా తమాషాగా ఉంది.

నాలుగో రోజు పిల్ల వాంతులు చేసుకుని సోలిపోయింది. గోపి చెన్నైలో ఉన్నాడు. ఈశ్వరి భర్త జగన్నాధం కారు మాట్లాడాడు. అందరూ కలిసి విశాఖపట్నంలో దొరికిన ఆసుపత్రికి పరిగెత్తారు. కౌంటరు దగ్గర అమ్మాయి “పేరు? తల్లి పేరు?” అని అడిగింది. ఉష నోరు తెరిచింది. వెనక నుంచి కూర్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈశ్వరి ఉష మొహం ఒకసారి చూసి, “తవిటమ్మ. తల్లిని నేనే. ఈశ్వరి,” అని చెప్పేసింది. ఉష ఇంటరు పాసైన మనిషి. అయినా నోరు మూసుకుంది. భయం పట్టినప్పుడు ఇంటరూ పనిచేయదు, ఇంకేదీ పనిచేయదు. ఆ మర్నాడు తలకి చిన్న రంధ్రం చేసి గడ్డలోంచి ముక్క తీయాలన్నప్పుడు కాగితం మీద సంతకం పెట్టిందీ ఈశ్వరే.

ముక్క పరీక్ష అయ్యాక డాక్టరు చెప్పిన మాట ఉషకి ఇప్పటికీ చెవిలోనే ఉంది. గడ్డ మెదడు కాండంలో ఉందట. ఊపిరి, మింగుడు, నడక అన్నీ ఆ చోటే చూసుకుంటుందట. తీయడానికి లేదు, రేడియేషను కరెంటు పెట్టినా కొన్ని నెలలే. “చాలా అరుదైన జబ్బమ్మా,” అన్నాడాయన ఓదార్పుగా. అరుదైతే ఏమిటి? తన ఇంటికి వచ్చాక అరుదేమిటి? ఆ మాటని ఓదార్పుగా ఎందుకు చెప్పాడో ఉషకి అప్పుడూ అర్థంకాలేదు, ఇప్పటికీ కాదు.

తరవాత గోపి వచ్చాడు. వేరే ఆసుపత్రిలో సరైన పేర్లతోనే కరెంటు పెట్టించారు. ఎనిమిది నెలలు గడిచాయి. శ్రావణమాసంలో భవాని పోయింది. పూడ్చిపెట్టి వచ్చిన రోజు, వాకిట్లో జనం కూర్చుని ఉండగా, ఈశ్వరి వచ్చి ఉష పక్కన కూర్చోబోయింది. అప్పుడు ఉష తన మిల్లు గొంతుతో, ఊరందరికీ వినపడేలా, “కొన్నది నువ్వు. పోయింది నా ఇంట్లో. నీ ముగ్గురికీ దగ్గు కూడా రానేదు. నీ సేతిలో ఎట్టకపోతే నా ఇల్లు ఇలగ అయ్యేది కాదు,” అంది.

ఈశ్వరి కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా పిల్లల చదువు పేరు చెప్పి శ్రీకాకుళం మారిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఉషకి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కింటి తాళం చూసినప్పుడల్లా ఆమెకి అదే గుర్తొచ్చేది.

మిల్లు మోటారు కాలిపోకపోతే కథ ఇక్కడితో ఆగిపోయేది. మోటారు చుట్టించడానికి చీపురుపల్లి స్టేషను రోడ్డులో గిరిబాబు కొట్టుకి వెళ్లింది ఉష. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే ఆ కొట్టులో గోడకి ఒక పిల్లాడి ఫొటో దండతో ఉంది. ఉష మోటారు సంగతి మరిచిపోయి ఫొటో దగ్గరికి నడిచింది. పిల్లాడి కుడికన్ను ముక్కు వైపు తిరిగి ఉంది.

“ఈ కన్ను తిరిగిన ఎన్నాళ్లకి పోనాడు అన్నా?” అంది.

గిరిబాబు చేతిలోని రాగితీగ పక్కన పెట్టాడు. “ఏడు నెల్లు. నీకెలగ తెలుసమ్మా?”

ఆ రోజు మోటారు బాగవలేదు. ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. గిరిబాబు ఇలాంటి ఇళ్లని ఒక్కొక్కటిగా వెతికి పట్టుకున్నాడు. శృంగవరపుకోటలో ఒకరు, శ్రీకాకుళం పక్క సముద్రపు ఊళ్లో ఒకరు, అలా మొత్తం ఎనిమిది కుటుంబాలు. బెంగుళూరులో భారతి అనే డాక్టరు పిల్లల మెదడు గడ్డల మీద పరిశోధన చేస్తోంది. ఈ ఎనిమిది మందీ తమ పిల్లల స్కాన్లు, మందుల చీటీలు, జబ్బు ఏ రోజు ఎలా నడిచిందో రాసిన నోటు పుస్తకాలు ఆవిడకి పంపుతున్నారు.

“ఇది అరుదు, అందుకని ఎవలూ సూడరు. ఎవలూ సూడరు, అందుకని మందు నేదు,” అన్నాడు గిరిబాబు. “మనం కాకపోతే ఆవిడికి ఇంకెవలిస్తారు సెల్లెమ్మా?”

భారతి డాక్టరు ఫోనులో ఎక్కువ తీపి మాటలు చెప్పలేదు. “మీ పాపకి ఇది పనికిరాదమ్మా. పదేళ్లలో మందొస్తుందని కూడా నేను మాటివ్వలేను. కానీ ఆ చోట సూది పెట్టడానికే చాలామంది భయపడతారు. మీతో కలిపి తొమ్మిది మందిలో ముక్క తీసింది మీ పాపకొక్కదానికే. దాన్ని మైనంలో పెట్టి దాస్తారు. అదే దొరికితే మేం చదవగలం,” అంది. మూడేళ్లలో తనతో పంచదార పూయకుండా మాట్లాడిన మొదటి మనిషి ఈవిడే అనిపించింది ఉషకి. ఆ క్షణంలో నిశ్చయించుకుంది. భవాని తల్లోంచి తీసింది చెత్తబుట్టలోకి పోకూడదు. ఎవరో ఒకరు దాన్ని కళ్లు పెట్టి చూడాలి.

ఇక అక్కణ్నుంచి మొదలైంది తిరుగుడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడి వంతు కూడా పూజారులే చూసుకుంటున్నారు. నోటరీ కాగితం తెమ్మన్నారు, తెచ్చింది. నోటరీ చాలదు, ఇద్దరు పిల్లలూ ఒకరేనని రెవెన్యూవాళ్లు రాసివ్వాలన్నారు. ఆ ఆఫీసులో గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, బతికున్న మనిషికైతే పేరు మార్పుంది గానీ పోయినవాళ్లకి మా దగ్గర ఫారం లేదన్నాడు. మరి మా పిల్లని లేపుకు రమ్మంటారా అని ఉష అడిగితే, ఆమె గొంతుకి ఆఫీసంతా తిరిగి చూసింది. అయినా ఫారం మాత్రం పుట్టలేదు.

ఫోన్లో గోపి, “పోయిన పిల్లని ఎందుకే ఇంకా తవ్వుతావు?” అన్నాడు. ఆ తరవాత రెండు రోజులు అతని ఫోను ఆమె ఎత్తలేదు.

మూడోసారి నారాయణమూర్తి దగ్గర్నుంచి తిరిగొచ్చిన సాయంత్రం కోపమంతా కూర్మమ్మ మీదికి తిరిగింది. ముసలామె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

“నీ తవుడు పాడుగాను. నీ మాట ఇనబట్టి కన్నతల్లిని కాకుండా పోనాను. ఆళ్లు నన్ను ఎవలని అడగతన్నారు. ఏటి సెప్పాలి?”

“నాను సంపడానికి సేసినానేటే?” కూర్మమ్మ తల ఎత్తలేదు. “బతకాలని సేసినాను. నా మనవరాల్ని నాను అమ్ముకున్నానంటే నాకు సరదాయేటి?”

కూర్మమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక చీర తెచ్చింది. ఆకుపచ్చది, కొట్టు కవరు కూడా తీయనిది. పిల్లని అమ్మిన వారంలోనే, గండం గడిచాక ఈశ్వరికి పెట్టాలని చీపురుపల్లి సంతలో కొని దాచిందట. మూడేళ్లుగా ఉషకి ఆ సంగతి తెలియదు.

“మనం గుంటని తిరిగి తెచ్చుకోనేదు. అది ఇంకా ఈశ్వరి పిల్లే. ఎల్లు. నువ్వే ఎల్లి అడుగు,” అంది కూర్మమ్మ.

మార్చి నెలంటే కారాలు ఆడించుకునే కాలం. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెట్టుకుని ఊరు ఊరంతా మిల్లు ముందు బస్తాలు పెడుతుంది. ఆ బస్తాల మధ్యనే ఉష మిల్లుకి తాళం వేసి శ్రీకాకుళం బస్సెక్కింది. వెనక నుంచి ఎవరో తిట్టుకున్నారు కూడా. దారిపొడుగునా ఏం మాట్లాడాలో పేర్చుకుంది, మళ్లీ చెరిపేసింది. ఈశ్వరి ఒక కాలేజీ హాస్టల్లో వంట చేస్తోందని మాత్రమే తెలుసు. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగి, ఆటోవాళ్లని అడుగుతూ, మూడు హాస్టళ్లు తిరిగి నాలుగో దాంట్లో పట్టుకుంది.

ఈశ్వరి వంటగది వెనక కత్తిపీట ముందు కూర్చుని గుట్టెడు వంకాయలు తరుగుతోంది. జుట్టు నెరిసింది. ఉషని చూసి చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. కూర్చోమనలేదు.

“అక్కా,” అంది ఉష. బస్సులో పేర్చుకున్నవేవీ నోటికి రాలేదు. సంతకం సంగతే సూటిగా చెప్పేసింది. ముక్క ఉందని, నెలాఖరుకి పారేస్తారని, తల్లి నువ్వేనని రాసుందని, నువ్వు వస్తేనే ఇస్తారని.

ఈశ్వరి అంతా విని, “నేను సంతకం ఎట్టను,” అంది.

“అక్కా.”

“ఎట్టనని సెప్పినాను కదా. ఒకసారి ఎట్టినాను. ఎట్టిన నాలుగో రోజుకి గుంటకి మాట ముద్దయిపోనాది. జడ ఎయ్యి పెద్దమ్మా అని సక్కగా అడిగేది, ఆ మాటా పోనాది. ఆ కాయితం మీద నా సంతకమే ఉన్నాది. ఇంకెవల్దీ కాదు.” కత్తిపీట మీద వంకాయ ముక్కలు టపటపా పడ్డాయి. “నువ్వు వాకిట్లో అన్నావు సూడు, నీ సేతిలో ఎట్టకపోతేనని. అది నిజమే అనుకున్నాను. ఆ రోజు నుంచి నా పిల్లలకి కూడా ఏ కాయితం మీదా సంతకం ఎట్టనేదు. ఆల్ల నాన్నే ఎడతాడు.”

ఉష వంకాయల గుట్ట పక్కనే నేల మీద కూలబడింది. మూడేళ్లుగా తన మాట ఈశ్వరిని బాధపెట్టి ఉంటుందని అనుకుంటోంది కానీ, ఆమె నమ్మేసి ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

“అది అబద్ధం అక్కా. నాకు ఎవల్నో ఒకల్ని అనాలి. దేవుడు కనబడడు, డాక్టరు దగ్గర నోరు రానేదు. నువ్వు పక్కన కూకున్నావు, నిన్ను అన్నాను. ఆ గడ్డే మాట తీసేస్తాదంట. సూది ఎట్టకపోయినా పోద్దంట. మొన్న బెంగుళూరు డాక్టరమ్మని నేనే అడిగినాను. ముందు అడగాల్సింది, అడగనేదు. తప్పు నాది.”

లోపల నుంచి ఎవరో కూర ఆలస్యమవుతోందని కేకేశారు. ఈశ్వరి వస్తన్నానని బదులిచ్చింది.

“నీకు తెలుసా,” అంది, గొంతు తగ్గించి. “గుంట పోయినప్పుడు నేను మా ఇంట్లో మూడు రోజులు మైల పట్టినాను. పోపు ఎయ్యనేదు, దీపం ఎట్టనేదు. ఇదేటని మా ఆయన అడిగితే, కొన్నాను కదా, నా పిల్లే కదా అన్నాను. మీరెవలూ తిరిగి కొనుక్కోనేదు. ఇప్పటికీ నా పిల్లే అది.”

ఉష సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసింది. రెండు చేతులతో ముందుకి చాచింది. ఈశ్వరి చీర వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడు ఇవ్వకు. ఇప్పుడు తీసుకుంటే గుంట నీదైపోతాది. అప్పుడు తల్లినని నేను ఏ మొగం ఎట్టుకుని సంతకం సేస్తాను? లోపలెట్టు. సంతకం అయినాక ఇద్దువు గానీ.” వంకాయ ముక్కలు నీళ్లలో వేసి చేతులు కడుక్కుంది. “ఎల్లుండి నాకు సెలవు. పొద్దున్న బస్సుకి ఎల్దాం.”

ఎల్లుండి వాళ్లిద్దరూ నారాయణమూర్తి ముందు కూర్చున్నారు. ఈసారి ఆయన మొహం కూడా తేలికపడింది. పాపం, ఆయనకీ ఈ పని తెమలకపోవడం ఇష్టం లేదు. ఈశ్వరి ఆధార్ కార్డు చూశాడు, పాత సంతకం తెర మీద పెట్టి పోల్చుకున్నాడు, ఫారం తెచ్చాడు. పరిశోధన కోసం ఇస్తున్నట్టు ఇంగ్లీషులో ఒక పేజీ, తెలుగులో ఒక పేజీ. ‘తల్లి’ అని ఉన్న చోట ఈశ్వరి పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. ఉష ఆ చేతి కింద కాగితం కదలకుండా నొక్కి పట్టుకుంది. ఈశ్వరి తల వంచి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టుగా, పేరు రాసింది.

“సాక్షి సంతకం కూడా కావాలి,” అన్నాడు నారాయణమూర్తి. “మీరు పెట్టేయండి. పేరు ఉష. పాపకి మీరేమవుతారు? ఇక్కడ రాయాలి.”

ఆయనకి అంతా తెలుసు. నాలుగు నెలలుగా ఆమె చెప్పిందంతా విన్నవాడే. అయినా ఫారం మీద గడి ఖాళీగా ఉంది, దాన్ని నింపాలి. తల్లినని రాస్తే ఒకే పిల్లకి ఇద్దరు తల్లులవుతారు. ఫైలు ఆసుపత్రి లాయరు దగ్గరికి పోతుంది, నెల దాటిపోతుంది. ఆ సంగతి ఉషకీ తెలుసు. ఈశ్వరి ఏదో అనబోయింది. ఉష ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

“ఏటీ కానండి,” అంది. “పక్కింటిదాన్ని.”

ఆయన కళ్లెత్తకుండా పొరుగువారు అని రాసి కాగితం ఆమె వైపు జరిపాడు. ఉష సంతకం పెట్టింది. పావుగంట తరవాత ల్యాబు అమ్మాయి వచ్చి, ముక్క పాత అరలో భద్రంగానే ఉందని, సోమవారం బెంగుళూరు పంపిస్తామని చెప్పింది. చూడొచ్చా అని ఉష అడిగితే, బయటివాళ్లని ల్యాబులోకి రానివ్వరంది. ఈశ్వరిని మాత్రం, మీరు తల్లి కదా, కావాలంటే రండి అని పిలిచింది. ఈశ్వరి వెళ్లలేదు.

బయట ఎండ మండిపోతోంది. గేటు పక్కన కొబ్బరిబోండాల బండి, ఆటోలు, మందుల చీటీలు పట్టుకుని పరిగెత్తే జనం. ఆ తొక్కిసలాటలోనే ఈశ్వరి ఆగింది. “ఇప్పుడు ఇవ్వు,” అంది.

ఉష చీర ఇచ్చింది. ఈశ్వరి దాన్ని కళ్లకద్దుకుని చంకలో పెట్టుకుంది. పద్ధతి ప్రకారం కొన్నావిడ పిల్లని ఎత్తి తల్లి చేతుల్లో పెట్టాలి. ఈశ్వరి రెండు చేతులూ ముందుకి చాచింది. ఉష తన చేతులు వాటి కింద పట్టింది. పెట్టడానికి ఏమీ లేదు. ఇద్దరి చేతులూ అలాగే గాలిలో నిలబడిపోయాయి.

“ఇంద. నీ గుంట నీది,” అంది ఈశ్వరి.

ఉషకి ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాలుగు నెలలు తిరిగిన ప్రతి కౌంటరు మీదా, ప్రతి గడి మీదా, అరుదన్న డాక్టరు మీదా, అందరికన్నా ముందు నోరు మూసుకున్న తన మీదా వచ్చింది. ఇన్నాళ్లూ ఏ ఆఫీసులోనూ, ఏ మనిషి ముందూ ఆ రెండు మాటలు తన నోట రాలేదని అప్పుడు తెలిసింది. ‘గుంట’ అంది, ‘పాప’ అంది, ‘పిల్ల’ అంది. గండం ఎప్పుడో మింగేసిపోయినా నాలుక మాత్రం ఆ కట్టడి దాటలేదు.

“నా కూతురు,” అంది ఉష, పిండిమిల్లు గొంతుతో. “దుర్గాభవాని నా కూతురు.”

బోండాలవాడు కత్తి ఆపి చూశాడు. ఆటోల దగ్గర నలుగురు తలతిప్పారు. పైన రెండో అంతస్తులో రికార్డుల గది కిటికీలు, ఏసీ వేసి ఉంది కాబట్టి, మూసే ఉన్నాయి.